బకెట్ అన్న మాట

యుద్ధం ఏటికి అవతల. మేం ఇవతల. పదేళ్లుగా తుపాకుల చప్పుడు వింటూనే వరి నాటుకున్నాం. ఏరు దాటి వచ్చినవాళ్లకి చోటూ ఇచ్చాం. మేం కిస్సీవాళ్లం రెండు ఒడ్లా ఉన్నాం. భాష ఒకటే, పేర్లూ ఒకటే. ఏ ఒడ్డునైనా మూడో ఆడపిల్ల పుడితే ఫిండా. నా కోడలు ఫిండా యుద్ధానికి ముందే కాపురానికొచ్చిన అవతలి ఒడ్డు పిల్ల.

తేడా అల్లా అరువు మాటల్లోనే. వాళ్లకి ఇంగ్లీషు అంటింది, మాకు ఫ్రెంచి. మేం 'సో' అనేదాన్ని కోడలు 'బకెట్' అంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని దాన్ని ఏళ్ల తరబడి ఏడిపించాను.

"నీళ్లు తెచ్చావా బకెట్టమ్మా?"

"మీ సోకి చిల్లుంది కదత్తా. నా బకెట్‌తోనే తెచ్చా."

పోయిన నెల రేడియోలో రాజధాని పెద్దమనిషెవరో, అవతలివాళ్లంతా తిరుగుబాటుదార్లే, ఏరేయండి అన్నాడు. నిన్నటిదాకా మా చేతి కూడు తిన్నవాళ్లు తెల్లారేసరికి శత్రువులైపోయారు. టౌను దారికి అడ్డంగా కుర్రాళ్లు తాడు కట్టారు. పేర్లడిగి లాభం లేదని వాళ్లకీ తెలుసు. అందుకని ఏదో ఒక వస్తువు చూపించి, దీన్నేమంటారు అని అడుగుతారు. తప్పు చెప్పినవాళ్లని కాఫీ గోదాములో పడేస్తున్నారు. అందులోంచి ఒక్కరూ తిరిగి రాలేదు.

మనవరాలు సియాకి మూడు రోజులుగా జ్వరం. ఆసుపత్రి ఆ తాడుకి అవతల ఉంది. దారంతా కోడలిచేత వల్లె వేయించాను.

"నెత్తిమీదున్నదేంటి?"

"సో."

"తాడు దాటాక?"

"వెనక్కి చూడను. ఎన్నిసార్లడుగుతావత్తా?"

తాడు దగ్గర నలుగురు కుర్రాళ్లు, చేతుల్లో కత్తులు. ఒక్కడూ మా ఊరివాడు కాదు. ఎర్రటోపీవాడు కత్తి మొనతో పైకి చూపించాడు.

"దీన్నేమంటారు?"

"సో," అంది ఫిండా. "పామాయిలమ్మి పిల్లకి మందు కొనాలి."

గొంతు ఒణకలేదు. నా కోడలంటే అదీ అనుకున్నాను. తాడెత్తారు. వీపున పిల్లతో అది వంగి దాటుతుంటే నెత్తిమీద నూనె తొణికింది.

"బకెట్ జాగర్తే," అన్నాను.

నోరా, వీపుకి తేకే అని ఊరికే అన్నారా. ఏడిపించిన మాట నా నాలుక్కే అంటుకుపోయింది.

"ఏమన్నావ్ ముసలమ్మా?" అన్నాడు ఎర్రటోపీవాడు.

నా బొడ్డుతాడు ఈ ఒడ్డునే పాతిపెట్టారు. ఆ మాట కోడలి దగ్గర నేర్చానంటే నేను బతుకుతాను. అది చస్తుంది. తాడుకి అవతల ఫిండా ఆగి నోరు తెరవబోయింది.

"నన్ను చూస్తావేమే? దారిలో కలిసినంత మాత్రాన చుట్టానివైపోతావా? పిల్లకి జ్వరమన్నావుగా, పో," అని కసిరాను. వాడివైపు తిరిగి, "మాది అవతలి ఒడ్డు నాయనా," అన్నాను.

వాడు నా రెక్క పట్టుకున్నాడు. ఫిండా వెనక్కి చూడలేదు. ఏనాడూ నా మాట వినని పిల్ల, ఇవాళ విన్నది. ఒక్కసారి తిరిగి చూస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయింది.

గోదాములో నలభైమందిమి ఉన్నాం. తలుపు దగ్గర తాగేనీళ్లున్నాయి. దాహమేస్తే 'అది ఇటివ్వు' అంటారు, దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. బయట లారీ వచ్చి ఆగింది. పిల్లకి ఇంజెక్షన్ చేశారో లేదో.