డ్రాయింగ్ పీరియడ్ మీద సంతకం

ఒక్క సంతకం కోసం ఇన్ని మెట్లు దిగాలా, ప్యూన్ చేత పంపిస్తే పోయేది కదా, అనుకుంటూ భాష టీచరు మెట్ల మలుపులో ఆగింది, చేతిలో వచ్చే ఏడాది టైం టేబుల్, డ్రాయింగ్ అని ఉన్న రెండు గళ్ళు ఎర్ర గీతతో కొట్టేసి, పైన చదువు సాధన అని హెడ్మిస్ట్రెస్ గుండ్రటి అక్షరాలతో రాసింది, ఎవరి పీరియడ్ పోతోందో వాళ్ళు సంతకం పెట్టాలట, మీరే పట్టుకెళ్ళండి, మీరడిగితే డ్రాయింగ్ మాస్టారు కాదనడు అంది, ఎందుకు కాదనడో ఆవిడ చెప్పలేదు, తనూ అడగలేదు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నెల రోజులుగా ఎవరు డ్రాయింగ్ మాటెత్తినా తన చెయ్యి పైట సర్దుకుంటోంది, సర్దడానికి అక్కడ ఏమీ లేకపోయినా.

కింద భోజనాల వేళ గోల, ఆ గోలలో మూగనోము గొంతు ఉండదు, ఎప్పుడూ లేదు, పాపం ఆ పిల్లకి ఆ పేరు తగిలించింది తనే, కావాలని కాదు, పుస్తకం పట్టుకుని నిలబడి పావుగంటైనా ఒక్క ముక్క పలక్కపోతే విసుగొచ్చి, ఏమే, మూగనోము పట్టావా అంది, క్లాసంతా నవ్వింది, మర్నాటి నుంచి అదే పేరైపోయింది, తను విననట్టు ఊరుకుంది, ఆ పిల్లతో కలిపి చదవలేని వాళ్ళు తొమ్మిది మంది, వాళ్ళని డ్రాయింగ్ పీరియడ్‌లో తన గదికి రప్పించుకుంది, డ్రాయింగ్ పీరియడ్ అంటే బస్సులో రుమాలు వెయ్యని సీటు కదండీ, ఎవరైనా కూర్చోవచ్చు అని లెక్కల సారు అంటే స్టాఫ్ రూమంతా నవ్వింది, డ్రాయింగ్ మాస్టారు కూడా నవ్వాడు, గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీక్కుంటూ, ముందు చదవడం రానివ్వండి మాస్టారూ, బొమ్మలెక్కడికి పోతాయి అని తను నచ్చజెప్పింది, సరే టీచర్ అన్నాడాయన, అంతే, నాలుగు నెలలు ఆ తొమ్మిది మందీ తన ముందు నిలబడి, ఆ ఒత్తు మింగేశావు, మళ్ళీ చదువు, మొదటి నుంచి చదువు, ఎనిమిది మంది ఏడ్చారు, మూగనోము ఏడవను కూడా లేదు.

ఆ పిల్ల ఒకనాడు లేచి పేజీ మొత్తం చదివేసింది, గొంతు సన్నగా, ఎక్కడా ఆగకుండా, శభాష్ అంటూ తను దగ్గరికెళ్ళి నోటు పుస్తకం తిరగేస్తే పేజీల మధ్య చీటీలు, ముప్పయ్యో నలభయ్యో, డ్రాయింగ్ మాస్టారి కోల అక్షరాలు, ఇంటికి మూడు కిటికీలు, నడిమి కిటికీ మూసి ఉంది, ఎందుకు మూసి ఉందో రేపటి చీటీలో, ఆ వెనకే ఆ పిల్ల వేసిన ఇల్లు, ముందు నాలుగు కిటికీలు గీసి, చీటీ మళ్ళీ చదువుకుని కాబోలు ఒకటి చెరిపేసింది, చెరిపిన మరక ఇంకా ఉంది, తనకి తెలియకుండా రోజూ అన్నం గబగబా తినేసి కింద డ్రాయింగ్ గదికి పరిగెడుతోందన్నమాట, తను నోటు పుస్తకం మూసేసింది, మూసి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది, అదీ తను చేసిన పని, ఆ తరవాత ఆ పిల్ల అమ్మమ్మ వచ్చి రెండు చేతులూ పట్టుకుని, అంతా మీ చలవే తల్లీ, ఇప్పుడు నాకు మందుల డబ్బా మీది రాత కూడా చదివి పెడుతోంది అంటే, పక్కనే నిలబడి ఆ పిల్ల తన మొహంలోకి చూసింది, చెబుతుందేమోనని చూసింది, తను చెప్పలేదు, మీటింగులో హెడ్మిస్ట్రెస్ చప్పట్లు కొట్టించినప్పుడు కూడా, కొంచెం కష్టపడ్డాను మేడమ్ అంది, ఆ కొంచెం అన్న మాట వినయానికి వాడింది, సొమ్మొకడిది సోకొకడిది అంటారే, మూడు కుర్చీల అవతల డ్రాయింగ్ మాస్టారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు, ఆ చప్పట్ల ఫలమే ఈ కాగితం, ఆయన సంతకం పెట్టేస్తే డ్రాయింగ్ గదికి తాళం పడుతుంది, వచ్చే ఏడాది ఇంకో తొమ్మిది మందికి చీటీలు ఉండవు, తను ఉంటుంది.

మెట్లు దిగేసరికి డ్రాయింగ్ గది తలుపు తీసే ఉంది, లోపల ఎవరో పగలబడి నవ్వుతున్నారు, ఏనుగుకి గొడుగు చాల్లేదని మీరే రాశారు, మళ్ళీ తడవలేదంటారేంటి మాస్టారూ, తప్పు మీదే, అంటోంది ఒక గొంతు, ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి తనకి క్షణం పట్టింది, నా తప్పేనమ్మా, దిద్దు, పెన్సిలు నీ దగ్గరే ఉందిగా అంటున్నాడాయన, తను గుమ్మంలో అడుగు పెట్టింది, నవ్వు ఆగిపోయింది, ఆ పిల్ల లేచి చేతులు కట్టుకుని నేల చూసింది, దీపం ఆర్పినట్టు మొహం ఆరిపోయింది, రండి టీచర్, అని మాస్టారు కాగితం అందుకుని, ఎర్ర గీత చూసి, కాసేపు చూసి, జేబులో కలం వెతుక్కున్నాడు, పిల్లలకి చదువొస్తే చాలు కదండీ, ఎవరి గదిలో వస్తేనేం, అన్నాడు, అందులో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది, లేదు, తను చెయ్యి చాపి కాగితం వెనక్కి లాక్కుంది, పెట్టకండి మాస్టారూ, ముందు నేను పైకెళ్ళి మేడమ్‌తో ఒక మాట చెప్పాలి, నెల కిందట చెప్పాల్సింది, అంది, ఆయన ఏ మాట అని అడగలేదు, ఆయనకి ఎప్పటి నుంచో తెలుసని అప్పుడర్థమైంది, ఆ పిల్లకీ తెలుసు, తెలిసే ఇద్దరూ తనని కాపాడుతున్నారు.

వెళ్ళబోతూ, ఏదో ఒకటి మాట్లాడాలని, ఏం రాసుంది ఆ చీటీలో అంది, ఆ పిల్ల చీటీ రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడి, మొదటి నుంచి చదవమంటారా టీచర్, తప్పు వస్తే మళ్ళీ చదువుతాను, అంది, కాదమ్మా, చదవొద్దు, ఆ ఏనుగు ఏమైందో చెప్పు, అంది తను, ఆ పిల్ల నమ్మలేనట్టు మాస్టారి వైపు చూసి, మళ్ళీ తన వైపు చూసి, ఇది కూడా పరీక్షేనేమోనని ఇంకా చూస్తూనే ఉంది, ఆ చూపు ముందు నిలబడి తను లెక్క వేసుకుంది, పదకొండేళ్ళ ఉద్యోగం, ఎందరు పిల్లలు, ఎన్ని పాఠాలు, ఎక్కడ ఒత్తు పోయిందో ప్రతి ఒక్కరికీ చెప్పింది, తరవాత ఏమైందని ఇంతవరకూ ఒక్కరినీ అడగలేదు.