సెలూన్లో తుమ్ము

ఆ వీధిలో వడ్రంగిని అందరూ మీసాలాయన అనే పిలిచేవారు. ఆ మీసం వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు ఆయనా, అన్నయ్యా ఒకే షెడ్డులో పనిచేసేవారు. ఓ రోజు నలుగురి ముందూ అన్నయ్య, తమ్ముడు చేసిన అలమరా వంకరపోయిందన్నాడు. తమ్ముడు అప్పటికప్పుడు ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. రెండు వీధుల అవతల సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. కానీ ఇద్దరివీ ఒకే అచ్చులో పోసిన ముఖాలు. దారిలో ఎదురైనవాళ్లు అన్నయ్య అనుకుని, మా మంచం ఎప్పుడిస్తావని తమ్ముణ్ణి నిలదీసేవారు. ఆ బాధ పడలేక మీసం పెంచాడు. మీసంతోపాటు పౌరుషమూ పెరిగింది. అన్నదమ్ముల మధ్య మాటలు పూర్తిగా ఆగిపోయాయి.

ఓ ఆదివారం ఉదయం గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కి వెళ్లాడు. కుర్చీలో వెనక్కి వాలి, ముఖమ్మీద వెచ్చటి తువ్వాలు పడగానే గురక పెట్టాడు. సెలూనాయన గడ్డం పని ముగించి, మీసం అంచులు సర్దుతున్నాడు. సరిగ్గా అప్పుడే సెలూనాయనకి తుమ్మొచ్చింది. కళ్లు తెరిచి చూసేసరికి ఎడమవైపు మీసం కత్తికి అంటుకుని ఉంది.

సగం మీసంతో లేస్తే ఈ మనిషి తనని బతకనివ్వడని సెలూనాయనకి అనిపించింది. ఇంకేం ఆలోచించకుండా నురగ పూసి మిగతాది కూడా తీసేశాడు.

మీసాలాయన లేచి అద్దంలోకి చూశాడు. కేకలెయ్యాలన్న సంగతే మర్చిపోయాడు. అద్దంలోంచి తనని చూస్తున్నది అన్నయ్య. అవే బుగ్గలు, పై పెదవికి అదే వంపు. పక్కన సెలూనాయన చేతులు జోడించి తుమ్ము సంగతి చెప్పుకుంటూనే ఉన్నాడు. ఈయన సరేలే అని ఒక్క మాట అని, మెడలో తువ్వాలుతోనే వీధిలోకి వచ్చేశాడు.

కూరగాయల కొట్టు దాటుతుంటే వెనకనుంచి ఎవరో మోకాళ్లు చుట్టేశారు. చూస్తే అన్నయ్య మనవరాలు. ఇంతవరకూ దూరం నుంచి చూడడమే.

"తాతయ్యా, ఎత్తుకో. కాళ్లు నొప్పి," అంది.

నేను మీ తాతయ్యని కాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాడు. పిల్ల అప్పటికే రెండు చేతులూ పైకి చాపేసింది. ఎత్తుకున్నాడు. భుజమ్మీద తల వాల్చేసింది. ఇక దించబుద్ధి కాలేదు.

ఇంతలో వదిన కొట్లోంచి బయటికొచ్చింది. తలెత్తకుండానే, టమాటాలు మెత్తబడ్డవి ఇచ్చాడని సణుగుతూ సంచి ఆయన చేతికి తగిలించింది. పనుందని ఇంట్లో కూర్చున్న మనిషి ఇప్పుడెందుకొచ్చినట్టని దెప్పింది కూడా. కాస్త దూరం నడిచాక గాని చొక్కా రంగు తేడాగా కనబడలేదు. ఆగి ముఖంలోకి చూసింది. పక్కనున్న మెట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"మీసమేమైందయ్యా?"

"పోయింది వదినా."

"మంచిపని జరిగింది. పద ఇంటికి."

పిల్లని దించి, సంచి ఇచ్చేసి వెళ్లిపోవచ్చు. ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే అలాగే చేసేవాడేమో. ఆలోచించలేదు. వదిన వెనకాలే నడిచాడు.

అన్నయ్య వసారాలో చెక్కకి చిత్రిక పడుతున్నాడు. తలెత్తి చూసి, చేతిలో పని వదిలేశాడు. పిల్ల ఒకసారి ఈయన్నీ, ఒకసారి ఆయన్నీ చూసి, ఇద్దరు తాతయ్యలెందుకున్నారని అడిగింది. అన్నయ్య దగ్గరికొచ్చి, తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముసలాడివైపోయావురా," అన్నాడు.

"నీ ముఖమేగా," అన్నాడు తమ్ముడు.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

భోంచేసి వెళ్లమని వదిన పట్టుబట్టింది. భార్యకి ఫోన్ చెయ్యడానికి తమ్ముడు కాసేపు తటపటాయించాడు. ఆ గడప తొక్కొద్దని ఇంట్లో ఆంక్ష పెట్టింది తనే మరి. విషయం చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. అన్నయ్యావాళ్లు ఇల్లు మారి చాలాకాలమైనా, దారెటని కూడా అడగలేదు. కాసేపటికే గుమ్మంలోకి వచ్చింది.

"చిన్న నానమ్మొచ్చింది," అంటూ పిల్ల ఎదురు పరిగెత్తి, అలవాటుగా ఆవిడ చేతిసంచిలో వెతికి బిస్కెట్ల పొట్లం తీసుకుంది.

అన్నదమ్ములిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. తోటికోడళ్లిద్దరూ ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్లిపోయారు.