రుమాలు వేసిన సీటు

నెట్‌వర్క్ స్విచ్‌కి సొంత బుర్ర ఉండదు అని మొదలుపెడితే పిల్లలు నవ్వుతారేమో, నవ్వనీ, నవ్వితేనే పాఠం ఎక్కుతుంది, పాత నెట్‌వర్కులో డేటా ప్యాకెట్లని ఎటు పంపాలో ప్రతి స్విచ్చూ తనే తేల్చుకునేది, ఇప్పుడలా కాదు, బుర్రంతా కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, స్విచ్ అది చెప్పింది చేస్తుంది, తెలియని ప్యాకెట్ వస్తే దీన్నెటు పంపమంటారు అని పైకి అడుగుతుంది, జవాబు వచ్చేదాకా కదలదు, ఇదంతా ఒక్క పీరియడ్‌లో చెప్పగలనా అనుకుంటూనే శోభారాణి, రేపల్లె బండి దిగి తెనాలిలో బాపట్ల బండి ఎక్కీ ఎక్కగానే, పక్క సీటు మీద రుమాలు వేసేసింది, వినయ్ కుమార్‌కి, అతను కాలేజీ వదిలి విశాఖలో చేరి ఏడాది దాటినా సరే, ఒకే ల్యాబులో పనిచేసిన రోజుల్లో ఈ ప్లాట్‌ఫారం మీదే రెండు టీలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు, తను రుమాలు తీసేది, ఇక బాపట్ల దాకా కబుర్లే, ఎవరన్నా ఉన్నారా అమ్మా అని సంచీతో నిలబడ్డ పెద్దాయన అడిగితే వస్తున్నారండి అనేసింది, సిగ్గులేని నోరు.

ఎక్కడొస్తాడు, వెళ్ళే ముందు ఈ బండిలోనే, చేతిలో టీ చల్లారిపోతుంటే, మీరు ఉండమంటే ఉండిపోతానండి అన్నాడు, అంతకంటే తిన్నగా ఎవరడుగుతారు, తనేమంది, అన్నయ్యని అడిగి చెబుతానండి అంది, చదివే కోర్సు దగ్గర్నుంచి కట్టే చీర దాకా సంజీవరావు అన్నయ్యని అడిగే అలవాటు మరి, అన్నయ్య చూద్దాంలే అన్నాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు, బండి నిడుబ్రోలు దాటింది, ఆ నవ్వు, ఆ అల్లం టీ వాసన, ఎంత కావాలనిపిస్తోందో, పాఠం చూసుకోవే తల్లీ, కంట్రోలర్‌తో సంబంధం తెగినా స్విచ్ అది రాసిచ్చిన పాత నియమంతోనే కొన్నాళ్ళు నడిపిస్తుంది, ఆ దారిన ప్యాకెట్లు రావడం మానేస్తే నియమం దానంతటదే చెరిగిపోతుంది, మరి ఈ సీటుకి ఏడాదిగా ఎవరూ రావడం లేదే, ఇది చెరగదేం.

ఎలా చెరుగుతుంది, రోజూ తెనాలిలో మళ్ళీ కొత్తగా రాస్తున్నది తనేగా, ఈ రుమాలు వేయమని ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, తనూ ఎవరినీ అడగలేదు, అన్నయ్యకి ఈ రుమాలు సంగతే తెలియదు, పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు, రుమాలు తీసింది, ఎవరూ రావడం లేదండి, కూర్చోండి అంది, అది గుప్పిట్లో నలుగుతోంది, ఆ రోజు కూడా ఎవరినీ అడక్కుండానే ఉండిపోండి అని అనగలిగేదే తను.