మూడు రోజుల గడువు

సుఖవ్యాధుల క్లినిక్‌లో ఆవిడని అందరూ ఫోనమ్మ అంటారు. జబ్బు తేలినవాళ్ల దగ్గర కూర్చుని, ఎవరెవరితో కలిశారో మెల్లగా రాబట్టడం, వాళ్లకి ఫోన్ చేసి పరీక్షకి రమ్మనడం ఆవిడ పని. పేరిచ్చింది ఎవరో మాత్రం పీక మీద కత్తి పెట్టినా చెప్పకూడదు. ఏం ఉద్యోగమమ్మా ఇది! బజార్లో పేషెంటు ఎదురైతే ఆవిడే ముందు తల తిప్పుకోవాలి. ఆవిడ పలకరించిందంటే వాళ్ల పరువు పోయినట్టే. పదకొండేళ్లు అలా తల తిప్పీ తిప్పీ, ఆవిడని నోరారా పిలిచే మనిషంటూ చెల్లెలొక్కతే మిగిలింది.

ఆ సోమవారం ఎదురు కుర్చీలో మరిది, అదే చెల్లెలి మొగుడు, కూర్చున్నాడు. సిఫిలిస్. ఇంట్లో చెల్లెలికి ఆరో నెల.

"వదినా, మీ కాళ్లు పట్టుకుంటా. నేనే చెప్పుకుంటాను," అన్నాడు.

క్లినిక్ పద్ధతిలో పేషెంటుకి మూడు రోజుల గడువుంటుంది. ఆలోగా తను చెప్పుకోకపోతే ఫోనమ్మ చెబుతుంది. అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఇచ్చింది. మంగళవారం చెల్లెలే ఫోన్ చేసి, పుట్టబోయే బిడ్డకి మంచి పేరు చెప్పమని గంటసేపు కబుర్లాడింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని ఈవిడ మింగేసింది.

గురువారానికీ మరిది నోరు విప్పలేదు. ఫోనమ్మ చెల్లెలి నంబరు నొక్కింది. అలవాటు పాడుగాను, నోట్లోంచి రోజూ చెప్పే పాఠమే ఊడిపడింది.

"మీకు బాగా తెలిసినవాళ్లొకరు మీ పేరిచ్చారు. భయపడకండి..."

"అక్కా? ఏంటా మాటలు?"

జబ్బు సంగతి, బిడ్డకున్న ప్రమాదం, వెంటనే సూది వేయించుకోవాలన్న మాట, అన్నీ చెప్పింది. పేరు మాత్రం చెప్పలేదు.

"పేరెందుకక్కా దాస్తావు? నాకున్నది ఒక్కడేగా," అంది చెల్లెలు. "నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"అయితే మంగళవారం అంతా తెలిసే నాతో నవ్వావన్నమాట."

ఫోన్ పెట్టేసింది. ఫోనమ్మ తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

చెల్లెలు మర్నాడే వచ్చి సూది వేయించుకుంది. ఆవిడ గది వైపు కన్నెత్తి చూడలేదు. ఆ తర్వాత ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తలేదు. బిడ్డ ఆరోగ్యంగా పుట్టిందని ఫోనమ్మకి ల్యాబు కాగితం చూస్తేనే తెలిసింది. పేరేం పెట్టారో అందులో లేదు.

ఓ సాయంత్రం బజార్లో చెల్లెలు పాపనెత్తుకుని ఎదురొచ్చింది. పదకొండేళ్లలో మొదటిసారి ఫోనమ్మ తల తిప్పుకోలేదు, అక్కడే నిలబడిపోయింది.

చెల్లెలే తిప్పుకుంది.