పళ్లతో విన్న ఇంజన్

పాత ఇంజన్లు అమ్మే వీధిలో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. నడుస్తున్న ఇంజన్‌కి స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో ఇట్టే చెప్పేసేవాడు. రెండేళ్ల క్రితం ఆ చెవులే మొరాయించాయి. మొదట కుడిది, ఆ తర్వాత ఎడమది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "అరిగిపోయినదాన్ని చూపించి ఏం లాభం?" అని కొట్టిపారేశాడు. షెడ్డుకు రావడమే మానేశాడు. ఆయన దగ్గర పదేళ్లు పని నేర్చుకున్న కోడలే ఇప్పుడు షెడ్డు నడుపుతోంది.

కోడలికి కార్ల పందెమంటే ప్రాణం. ఏటా కొండ రోడ్డు మీద జరిగే పోటీకి తన చిన్న కారు తీసుకెళ్తుంది, ఏటా చివరి వరసలో వస్తుంది. ఈసారి టర్బో బిగించాలని పట్టుబట్టింది. పొగ గొట్టంలోంచి పోయే గాలి ఊపుతోనే గిర్రున తిరిగి, ఇంజన్‌లోకి ఇంకా గాలి దట్టించే చక్రం అది. బలం ఒక్కసారిగా పెరుగుతుంది. కానీ ఆమె కారులో ఉన్న ముసలి ఇంజన్‌కి దాన్ని తగిలిస్తే ఎలుక మీద ఏనుగునెక్కించినట్టే. గట్టి ఇంజన్ ఇంకొకటి వెతకాలి.

ఉదయం కాఫీ గ్లాసుతో పాటు ఓ కాగితం ముక్క మామగారి ముందు పెట్టింది. 'ఇంజన్ కొనాలి. మీరూ రండి.'

"ఎందుకూ? చెవిటివాడి ముందు శంఖం ఊదడానికా?"

'శంఖం సంగతి నేను చూసుకుంటా. మీరు ఇంజన్ చూడండి' అని కింద రాసింది. ఆయన గొణుక్కుంటూనే చెప్పులు వేసుకున్నాడు.

పాత ఇంజన్ల కొట్టు యజమానిని అందరూ గ్యారంటీ అంటారు. ఆ మాట లేకుండా అతని నోట ఒక్క వాక్యమూ రాదు. ఆమెకు కావలసిన రకం ఇంజన్లు అతని దగ్గర రెండున్నాయి. ఒకటి కడిగిన ముత్యంలా మెరుస్తోంది. రెండోదాని మీద జిడ్డు, దుమ్ము కలిసి అంగుళం మందాన పేరుకున్నాయి.

"ఈ మెరిసేది తీసుకోమ్మా. గ్యారంటీ! ఆ రెండోది తూకానికి అమ్ముదామని పక్కన పడేశా."

కోడలు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌కి మీటర్ పెట్టి, సెల్ఫ్ కొట్టి చూసింది. లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో ఆ ముల్లు చెబుతుంది. మెరిసేదానికి నాలుగింట్లోనూ నూట తొంభై. జిడ్డుదానికి నూట అరవై అయిదు అటూ ఇటూ. ఆమె మెరిసేదాని మీద చెయ్యి వేసేసింది.

మామగారు మాత్రం ఆమె విప్పిన ప్లగ్గు ఒకటి తీసుకుని, కొన తుడిచి, వేళ్ల మధ్య రాసి, వాసన చూశాడు.

"అమ్మాయ్, ఇది కొత్త ఆయిలు. ఎవరో పైనించి పోశారు. ఆయిలు పోస్తే అరిగిన సందులు కాసేపు పూడుకుపోతాయి, ముల్లు పైకి లేస్తుంది. ప్లగ్గుల కన్నాల మీద గుడ్డలేసి, బాగా తిప్పి, మళ్లీ చూడు."

"తుప్పు పట్టకుండా రెండు చుక్కలు వేశామండీ, అంతే!" అన్నాడు గ్యారంటీ. ఈసారి గ్యారంటీ అనడం మరిచిపోయాడు.

గుడ్డలు ఆయిలుతో తడిసిపోయాయి. మళ్లీ మీటర్ పెడితే రెండో సిలిండర్, నాలుగో సిలిండర్ నూట ఇరవైకి పడిపోయాయి. పైన పటారం, లోన లొటారం! జిడ్డుదాన్నీ అలాగే తిప్పి చూశారు. దాని ముల్లు ఎక్కడిదక్కడే ఉంది.

"టర్బోకి అంకె పెద్దగా ఉండక్కర్లా. నాలుగూ సమానంగా ఉండాలి. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడే పగులుద్ది" అన్నాడు మామగారు. రెండేళ్లలో ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడడం కోడలు వినలేదు.

మర్నాడు షెడ్డులో, నేలకు బిగించిన ఇనుప స్టాండు మీదికి, కొనుక్కొచ్చిన జిడ్డు ఇంజన్‌ని ఎక్కించారు. రేడియేటర్, బ్యాటరీ, పెట్రోలు డబ్బా తగిలించి, పొగ గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టారు. మూడోసారి సెల్ఫ్ కొట్టగానే అంటుకుంది. అరగంట నడిపి బాగా వేడెక్కనిచ్చినా ఆయిలు ప్రెషర్ తగ్గలేదు. కోడలు ఊపిరి పీల్చుకునేలోపు లోపలినుంచి టక్, టక్, టక్ మని చప్పుడు మొదలైంది.

అది పైన వాల్వుల దగ్గరైతే పది నిమిషాల పని. కింద బేరింగ్‌దైతే ఇంజన్ పనికిరాదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వింది. ఎక్కడ పెట్టినా ఒకేలా వినిపిస్తోంది. 'చప్పుడు. పైనో కిందో తెలియట్లేదు' అని నేల మీద చాక్‌పీసుతో రాసింది.

మామగారు స్క్రూడ్రైవర్ లాక్కుని అలవాటుగా చెవికి పెట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు. ఆ ముఖం చూడలేక కోడలు తల తిప్పుకుంది. ఇంతలో నీళ్ల గొట్టం దగ్గర కారడం చూసి, రెండు చేతులతో దాన్ని పట్టుకోవడానికి ఆయన స్క్రూడ్రైవర్ పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి వంగాడు. దాని కొన ఇంజన్‌కి తగిలింది.

ఆయన అలాగే ఉండిపోయాడు.

"మామయ్యా! ఏమైంది?" అంటూ కంగారుగా భుజం పట్టుకుంది. ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత పిడి కరిచిపట్టుకునే, కొనను కింద ఒకచోట, పక్కన ఒకచోట, పైన నాలుగు చోట్ల ఆనించాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"వినపడుతోందే అమ్మాయ్! పళ్లలోంచి వినపడుతోంది! చప్పుడు పైనే, మూడోదాని వాల్వు. సందు ఎక్కువైంది. కింద బేరింగ్ హాయిగా నిద్రపోతోంది."

ఇంజన్ ఆపి, చల్లారాక వాల్వు సందు సరిచేసింది. మళ్లీ నడిపితే చప్పుడు లేదు. అయినా ఆమె ఊరుకోకుండా కింది ట్రే విప్పి బేరింగ్ కళ్లారా చూసుకుంది. ఒక్క గీత కూడా లేదు. అప్పుడు చాక్‌పీసు తీసుకుని పెద్ద అక్షరాలతో రాసింది: 'పళ్లతో వినగలిగితే లోపల చెవి బతికే ఉన్నట్టు. రేపు డాక్టరు దగ్గరికి.' ఈసారి ఆయన కాదనలేదు.

డాక్టరమ్మ చిన్న ఇనుప కడ్డీ మోగించి ఆయన చెవి వెనక ఎముక మీద పెట్టింది. చెవిలో ఉండే బుల్లి ఎముక బిగుసుకుపోయిందని, నరం బాగానే ఉందని చెప్పింది. నెల తిరిగేలోపు కుడి చెవికి ఆపరేషన్ అయింది. ఎడమ చెవికి మాత్రం ఇంకో ఏడాది ఆగాలన్నారు.

కట్టు విప్పాక ఇంట్లో గిన్నెల మోత ఎక్కువైందని కొడుకు మీద నాలుగు రోజులు విసుక్కున్నాడు. అయిదో రోజు తెల్లారగానే కోడలి కంటే ముందే వెళ్లి షెడ్డు తలుపులు తీశాడు. టర్బో బిగించడానికి ఇద్దరికీ రెండు వారాలు పట్టింది.

కొండ పోటీలో ఇరవై రెండు కార్లు పరిగెత్తాయి. ఆమెది ఏడోది. కారు దిగేసరికి మామగారు గుంపును తోసుకుంటూ వచ్చి, ఆమెను పలకరించకుండానే బానెట్ మీద చెయ్యి వేశాడు.

"మూడో మలుపు దగ్గర గేరు ఆలస్యంగా మార్చావు. ఇక్కణ్ణించే విన్నా."

"ఏడో స్థానం వచ్చింది మామయ్యా!"

"అదీ విన్నాలే. మైకులో చెప్పారు" అని, పట్టలేక నవ్వేశాడు.