చెప్పింది చెప్పినట్టు

పదో తరగతి పరీక్షలు ఇంకా పన్నెండు రోజులున్నాయనగా ర్యాంకక్క సైకిల్ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఆ అమ్మాయి అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. ఆరో తరగతి నుంచీ ఫస్టు ఎవరికీ వదిలిపెట్టలేదు గనుక చిన్న క్లాసుల వాళ్ళందరికీ ఆమె ర్యాంకక్కే. వాళ్ళది ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ హైస్కూలు, పన్నెండో తరగతి దాకా ఉంది. రెండంతస్తుల మేడ, ముందు మట్టి గ్రౌండు, పైన సైన్సు ల్యాబు, దాని పక్క గదిలో శనివారాలు లెక్కల క్లబ్బు. ఆ క్లబ్బు లెక్కల మాస్టారు పట్టుబట్టి పెట్టింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు కలిసి కూర్చుంటారు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చెప్పాలి. పట్నంలో పేరున్న సైన్సు కాలేజీ ఒకటి ఇలాంటి చిన్న ఊళ్ళ స్కూళ్ళ నుంచి, స్కూలుకి ఒక్కరి చొప్పున, ఫీజు లేకుండా చేర్చుకుంటుంది. లెక్కల్లో తొంభై అయిదు రావాలి, అదొక్కటే షరతు. నాలుగేళ్ళుగా ఈ స్కూలు నుంచి ఒక్కరూ వెళ్ళలేదు. ఈసారి ర్యాంకక్క వెళ్తుందని మాస్టారే కాదు, గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు అతని దాకా అందరూ తీర్మానించేసుకున్నారు.

చెయ్యి పనిచెయ్యని వాళ్ళకి రాసిపెట్టే మనిషిని ఇస్తారు. కింది తరగతి పిల్లలై ఉండాలి, బంధువులు కాకూడదు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, సొంతంగా ఒక్క చుక్క పెట్టకూడదు. మాస్టారు తొమ్మిదో తరగతిలో ముగ్గుర్ని అడిగారు. ముగ్గురి ఇళ్ళల్లోనూ వద్దన్నారు. మార్కులొస్తే పేరు ఆ పిల్లకి, రాకపోతే నింద మన పిల్లకి అని వాళ్ళ భయం. నాలుగో మనిషి ముత్యం.

ముత్యం అన్నదీ ముద్దుపేరే, చేతిరాత చూసి మాస్టారు పెట్టింది. తండ్రి లేడు, తల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. చిక్కల్లా ఇక్కడే ఉంది. టైలరమ్మ ఇల్లూ ర్యాంకక్క వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే. రెండేళ్ళ కిందట ర్యాంకక్క నాన్న, మందుల షాపాయన, మధ్య గోడని ఇంకో నాలుగడుగులు లేపాడు. దాంతో టైలరమ్మ మిషను పక్కనున్న కిటికీకి వెలుతురు పోయింది. ఆవిడ ఒకసారి మంచిగా అడిగింది, ఒకసారి గట్టిగా అడిగింది, ఆ తర్వాత అడగడం మానేసింది. అప్పట్నుంచీ రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. మిట్టమధ్యాహ్నం కూడా ఆవిడ లైటు వేసుకునే కుడుతుంది.

మాస్టారు ఇంటికొచ్చి విషయం చెప్తే టైలరమ్మ మిషను ఆపకుండానే కుదరదంది. మాస్టారు ఇంకోసారి అడిగారు. అప్పుడు మిషను ఆపింది.

"రేపు ఒక్క మార్కు తగ్గినా నా కూతురు పగబట్టి రాసిందంటారు మాస్టారూ. ఆ మాట ఎన్నేళ్ళు మొయ్యాలి అది?"

మాస్టారు లేచి చెప్పులేసుకుంటుంటే, గుమ్మంలో నిలబడ్డ ముత్యం తను రాస్తానంది. ఎందుకే అని తల్లి అడిగితే, శనివారాలు తనకి వర్గ సమీకరణాలు నేర్పింది ఆ అక్కేననీ, గోడ సంగతి ఒక్కనాడూ క్లబ్బులోకి తీసుకురాలేదనీ చెప్పింది. టైలరమ్మ కూతురి మొహం చూసి, సరే నీ ఇష్టం అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మందుల షాపాయన కూడా అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. హెడ్మిస్ట్రెస్ ఆయన్ని పిలిపించి, వేరే మనిషి దొరకలేదనీ, గదిలో ప్రతి మాటా రికార్డవుతుందనీ నచ్చజెప్పింది. కాగితం మీద సంతకం పెడుతూ ఆయన ముత్యం వైపు ఒక చూపు చూశాడు, ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనేసి ఉంటేనే నయమనిపించింది ఆ పిల్లకి.

మొదటి నాలుగు పరీక్షలూ సాఫీగా జరిగాయి. లైబ్రరీ వెనక ఉన్న చిన్న గదిలో ఒక బల్ల, పక్కపక్కన రెండు కుర్చీలు, ఎదురుగా ఇన్విజిలేటర్. ఆవిడ వేరే ఊరి స్కూల్లో టీచరు, మాట తక్కువ మనిషి. మొదటిరోజే నియమం ఒక్క ముక్కలో చెప్పింది.

"వినపడనిది అడగొచ్చు. వినపడింది మళ్ళీ అడగకూడదు. నువ్వు ఆగినా, దగ్గినా, మొహం మార్చినా నేను కాగితం మీద పెట్టాల్సొస్తుంది."

ర్యాంకక్క కళ్ళు మూసుకుని చెప్పేది. ముత్యం రాసేది. రెండో రోజుకే ఆ వేగానికి అలవాటు పడింది. అక్క ఊపిరి తీసుకునే చోట పేరా మారుతుందని కూడా పసిగట్టేసింది. పరీక్ష అయ్యాక ఇద్దరూ వేరే వేరే గేట్ల నుంచి ఇంటికి పోయేవాళ్ళు.

అయిదోది లెక్కలు. ఆ రోజు ఎండ మండిపోతోంది. ఫ్యాను చప్పుడుకి రికార్డరులో మాటలు పడవని ఫ్యాను ఆపేశారు. ముత్యం అరచేతికి చెమట పట్టి పెన్ను జారుతుంటే గౌను అంచుకి తుడుచుకుంటూ రాస్తోంది. గంటన్నర గడిచింది. ర్యాంకక్క ఎక్కడా తడబడలేదు. పద్నాలుగో లెక్క చదివి, ఇది అయిదు నిమిషాల పని అని తనలో తను అనుకుంది. రెండు ఎక్స్ స్క్వేర్ మైనస్ అయిదు ఎక్స్ మైనస్ మూడు ఈక్వల్ టు సున్నా. మూలాలు కనుక్కోవాలి. అయిదు మార్కులు.

"ఎ రెండు, బి మైనస్ అయిదు, సి మైనస్ మూడు," అంది ర్యాంకక్క కళ్ళు మూసుకుని. ముత్యం రాసింది. "బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఎసి. ఈక్వల్ టు ఇరవై అయిదు మైనస్ ఇరవై నాలుగు. ఈక్వల్ టు ఒకటి."

పెన్ను ఆగిపోయింది.

సి మైనస్ మూడు. ముందున్న మైనస్, దాని మైనస్ కలిస్తే ప్లస్. ఇరవై అయిదు ప్లస్ ఇరవై నాలుగు, నలభై తొమ్మిది. అక్క ఒకటి అంది. ఒకటికి కూడా వర్గమూలం చక్కగా వస్తుంది. అందుకే ఎక్కడా అడ్డం తగలదు, తప్పు చేసినట్టే తెలియదు. ఈ మైనస్ దగ్గరే జాగ్రత్తగా ఉండమని శనివారం శనివారం చెప్పి చెప్పి చంపింది ఈ అక్కే.

ముత్యం అక్క వైపు చూసింది. తను రాసే కాగితం అక్క చూడట్లేదు. రికార్డరు మాటలు వింటుందే గాని రాతని చూడదు. ఒక మైనస్ మీద నిలువుగా చిన్న గీత, కింద ఒకటి బదులు నలభై తొమ్మిది, ఆ తర్వాత రెండు లైన్లు. మార్చడం తనకి వచ్చు. మార్చకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అమ్మ మిషను ఆపి మరీ చెప్పింది.

ఇన్విజిలేటర్ తలెత్తింది. "ఏమైంది? వినపడలేదా?"

ఒక్క మాట చాలు. వినపడలేదంటే అక్క మళ్ళీ చెప్తుంది, మళ్ళీ చెప్పేటప్పుడు దొరికిపోతుంది తప్పు. ఆ మాట ముత్యం నాలుక చివరిదాకా వచ్చింది.

"వినపడింది మేడం," అంది.

"రాయవే, టైమైపోతోంది," అంది ర్యాంకక్క కళ్ళు తెరవకుండానే.

ముత్యం రాసింది. ఇరవై అయిదు మైనస్ ఇరవై నాలుగు. ఒకటి. మూలాలు మూడు బై రెండు, ఒకటి. ఆ నాలుగు లైన్లలో మాత్రం అక్షరాలు వంకరపోయాయి.

చివర్లో పది నిమిషాలు మిగిలాయి. రాసింది చదివి వినిపించమని అడిగే హక్కు పరీక్ష రాసేవాళ్ళకి ఉంది. ర్యాంకక్క జ్యామితి చదివించుకుంది, గ్రాఫు లెక్క చదివించుకుంది, ఒకచోట అంకె దిద్దించింది. ముత్యం పేజీ తిప్పి పద్నాలుగో లెక్క మీద వేలు పెట్టి, చదవనా అన్నట్టు ఆగింది.

"అది అక్కర్లేదు, తేలిగ్గానే వచ్చింది. తర్వాతది చదువు."

ముత్యం పేజీ తిప్పేసింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే తల్లి ఒంట్లో బాగాలేదా అని నుదురు ముట్టుకుని చూసింది. ముత్యం ఏమీ చెప్పలేదు. చెప్తే అమ్మకి కూడా ఆ బరువు పంచినట్టవుతుందనుకుంది. అయిదు వారాలు అలాగే మోసింది.

ఫలితాలొచ్చాయి. ర్యాంకక్కకి మిగతా అన్నిట్లో బ్రహ్మాండంగా వచ్చాయి. లెక్కల్లో తొంభై నాలుగు.

మందుల షాపాయన మర్నాడే స్కూలుకొచ్చి జవాబు పత్రం నకలు తెప్పించమన్నాడు. అది రావడానికి వారం పట్టింది. పద్నాలుగో లెక్క చూడగానే ఆయన మొహం ఎర్రబడింది. తన కూతురు కలలో కూడా ఇలాంటి తప్పు చెయ్యదనీ, ఇది చెప్పిన నోటి పని కాదు, రాసిన చేతి పని అనీ స్టాఫ్ రూము ముందే అన్నాడు. సాయంత్రానికల్లా ఆ మాట జిరాక్సు షాపు దాటి ఊరంతా పాకింది. కుట్టడానికిచ్చిన బట్టలు ఇద్దరు వచ్చి వెనక్కి పట్టుకుపోయారు. అర్జెంటు లేదులే అన్నారు గాని కళ్ళల్లోకి చూడలేదు. టైలరమ్మ మాత్రం నేను ముందే చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ తిడితే బాగుండుననిపించింది ముత్యానికి.

హెడ్మిస్ట్రెస్ అందరినీ తన గదికి పిలిపించింది. బల్లకి ఒక పక్క మందుల షాపాయన, ర్యాంకక్క. ఇంకో పక్క టైలరమ్మ, ముత్యం. లెక్కల మాస్టారు కిటికీ దగ్గర నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు. ర్యాంకక్క చేతికి కట్టు తీసేశారు. సన్నబడిన మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. పరీక్షల బోర్డు అనుమతితో తెప్పించిన రికార్డింగుని మాస్టారు ముందుకీ వెనక్కీ జరిపి ఆ చోటికి తెచ్చారు.

ర్యాంకక్క గొంతు స్పష్టంగా వినపడింది. ఇరవై అయిదు మైనస్ ఇరవై నాలుగు. ఈక్వల్ టు ఒకటి. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత ఇన్విజిలేటర్ ప్రశ్న, ముత్యం జవాబు.

మాస్టారు ఆపేశారు. హెడ్మిస్ట్రెస్, విషయం తేలిపోయింది కదా అన్నట్టు కాగితాలు సర్దుకుంటుంటే మందుల షాపాయన చెయ్యి ఎత్తాడు.

"ఆ ఆగడం విన్నారు కదా మీరు? తప్పని ఆ పిల్లకి తెలుసు. తెలిసీ రాసింది."

మార్చి రాసిందన్న నింద పోయి, మార్చలేదన్న నింద వచ్చింది. తెలిసి చెప్పి ఉంటే మీ అమ్మాయి పేపరు మొత్తం రద్దయ్యేదని హెడ్మిస్ట్రెస్ అంటోంది. ఆయన వినట్లేదు. దగ్గొచ్చు కదా, వినపడలేదనొచ్చు కదా, పక్కింటి పిల్ల కాబట్టే నోరు మూసుకుంది అంటున్నాడు.

టైలరమ్మ లేచి నిలబడింది. రెండేళ్ళ తర్వాత ఆయనతో నేరుగా మాట్లాడటం అదే.

"అబద్ధం చెప్పనందుకు నా కూతుర్ని తిడుతున్నారా అన్నయ్యగారూ?"

ఆయన నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు ర్యాంకక్క మాట్లాడింది, ఆయనతో కాదు.

"నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసక్కా."

"నీకెంతొచ్చింది?"

"నలభై తొమ్మిది. మూలాలు మూడు, మైనస్ సగం."

ర్యాంకక్క తలాడించింది. కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి గాని గొంతు మారలేదు. "తప్పు నాది నాన్నా. చదువుతానంటే కూడా వద్దన్నాను. ఇంక పద," అంది. ఆయన ఎవరి మొహమూ చూడకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తూ టైలరమ్మ మెయిన్ రోడ్డు దగ్గర లారీలు పోయేదాకా ఆగి, అది రాసేటప్పుడు చెయ్యి వణికిందా అని అడిగింది. వణికిందని చెప్పింది ముత్యం. తల్లి ఆ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, దాటాక కూడా వదల్లేదు. పదిహేనేళ్ళ పిల్లకి అది సిగ్గుగానే ఉంది, అయినా లాక్కోలేదు.

పట్నం కాలేజీలో ఆ సీటు ఆ ఏడు ఖాళీగానే పోయింది. ర్యాంకక్క అదే స్కూల్లో, పై అంతస్తులో పదకొండులో చేరింది. మొదట్లో తల దించుకుని మెట్లెక్కేది. ఆమెని ఇంకా అలాగే పిలవొచ్చో లేదో తెలీక చిన్న పిల్లలు కొన్నాళ్ళు ఇబ్బంది పడ్డారు, తర్వాత అలవాటు గెలిచింది. యూనిఫాములు కుట్టించుకునే రోజులు రావడంతో టైలరమ్మ దగ్గరికి బట్టలు మళ్ళీ వచ్చాయి, వెనక్కి తీసుకున్న ఇద్దరివీ వచ్చాయి. మందుల షాపాయన మాత్రం క్షమించమని ఎవరినీ అడగలేదు.

రెండు నెలల తర్వాత ఒకరోజు ఇంటర్వెల్లో ముత్యం మెట్లు దిగుతుంటే ర్యాంకక్క ఎక్కుతోంది. ఇద్దరూ ఒకే మెట్టు మీద ఆగారు. పక్కనుంచి పిల్లలు తోసుకుంటూ పోతున్నారు.

"నేనైతే చెప్పేసేదాన్నేమో," అంది ర్యాంకక్క.

"నాకూ చెప్పాలనే అనిపించిందక్కా," అంది ముత్యం.

ర్యాంకక్క ఇంకేదో అనబోయింది. అంతలో బెల్లు కొట్టారు. ఒకరు పైకీ, ఒకరు కిందకీ, క్లాసు తలుపులు మూసేలోపు చేరుకోవాలని గబగబా నడిచారు.