రెక్క అంచు ముక్కలు

"నువ్వు ఉద్యోగం మానేస్తే సరిపోతుందిగా. అమ్మకి ఇంకెవరున్నారు?" అన్నాడు సంగ్‌చోల్ భార్యతో, పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచే. వాళ్ళమ్మది మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పి వారమైంది. ఓడల కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా డ్రాయింగులు గీస్తున్న హ్యోజంగ్ ఉద్యోగం మీద ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే, గడ్డం గీయడం అయ్యేలోపే ముగిసింది. సోమవారం రాజీనామా ఇస్తానని తనూ తలూపింది.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి వస్తుంటే అత్తగారు పచ్చిచేప తిందామంది. బుసాన్ రేవు పక్కన ప్లాస్టిక్ స్టూళ్ళ హోటల్లో కూర్చున్నారు. తొట్టిలోంచి తీసిన గ్వాంగో అనే బల్లపరుపు చేపను పల్చగా కోసి పళ్ళెంలో పరిచి తెచ్చారు. హ్యోజంగ్ చెయ్యి దానంతటదే ముక్కలు చుట్టే లెట్యూస్ ఆకు అందుకుంది. రెండు ముక్కలు, పుల్లటి మిరపముద్ద, వెల్లుల్లి పెట్టి చుట్టి అత్తగారికిచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇలా అందరికీ చుట్టివ్వడమే. తన వంతు వచ్చేసరికి పళ్ళెంలో ముల్లంగి తురుమే మిగిలేది. రెక్క అంచున ఉండే కొవ్వు ముక్కలైతే మగవాళ్ళవే. "ఆడాళ్ళు ఈ రుచి మరిగితే కొంప మునుగుతుంది" అని మామగారు నవ్వేవాడు.

అత్తగారు ఆ ముక్కలే తీసి కోడలి ముందు పెట్టింది.

"నాకు చుట్టింది చాల్లే. తినవే."

హ్యోజంగ్ తింది. చల్లగా, కరకరలాడుతూ, నమిలేకొద్దీ తీపి. ఇంకోటి తింది. ఎవరికీ చుట్టకుండా వరసగా నాలుగు తిని, అంత బాగున్నందుకు సిగ్గుపడింది.

"మానేస్తున్నావటగా?"

"మీకోసమని ఆయనే అన్నారు అత్తయ్యా."

"నన్నడిగాడా వాడు? మా అత్త మంచాన పడితే నేనూ చేపల ఫ్యాక్టరీ మానేశా. పదకొండేళ్ళు గంజి పట్టా. ఆవిడ పోయిన్రోజు ఏడుపు రాలేదు. రాతిగుండెదన్నారు. నాకు ఆకలేసిందే, అంతే."

ముళ్ళతో కాచిన కారం చారు వచ్చింది. ఇద్దరూ తాగుతున్నారు. ఉన్నట్టుండి అత్తగారి మొహం మారిపోయింది. చెంచా పడేసి లేచి నిలబడింది.

"అయ్యో, టైమెంతైంది? అత్తకి గంజి పట్టలేదు. తిడుతుంది, నే పోవాలి!"

ఆ అత్త పోయి ముప్ఫై ఏళ్ళు. ఇంటి దారి, మనవల పేర్లు, తన వయసు, ఒక్కొక్కటే జారిపోతున్న ఆ తలలో గంజి పట్టే వేళ మాత్రం చెక్కుచెదరలేదు. హ్యోజంగ్ తన చెంచా కింద పెట్టింది. అన్నీ పోయాక తనకి మిగిలేది కూడా ఇదేనా? అత్తగారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీరు పోనక్కర్లేదు అత్తయ్యా."

"మరి ఎవరు పడతారే?"

"ఈసారి కొడుకు పడతాడు," అంది హ్యోజంగ్. "సోమవారం నేను పనికి పోతున్నాను."